బండి రొట్టె

జూన్ 9, సోమవారం

మా పాప షాహిస్తా డిగ్రీలో ఉన్నప్పుడు సగం రాసి వదిలేసిన పుస్తకం ఇది. వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి. నేను చదివింది ఐదో తరగతి. తప్పులు పోతే పోనీ, చూసేవాళ్ళెవరు. నోటితో ఎవరికన్నా చెప్పబోతే వాళ్ళు నాకంటే ముందు ఏడుస్తారు. మళ్ళీ నేనే మంచినీళ్ళిచ్చి ఓదార్చి పంపాలి. అందుకని రాసుకుంటాను.

మా అబ్బాయి ముబీన్ కారు బండి వాకిట్లోనే ఉంది. దాని దగ్గరికి నేను పోను.

వాళ్ళ నాయన దాన్ని కప్పడానికి గలీబు కుట్టాడు. మా అంగడిలో పరుపులకు కుట్టే నీలం చారల గుడ్డే. "ఎండకు రంగు పోతాది" అన్నాడు. రంగు కోసం కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు వాకిట్లో ఏనుగుకు పరుపు వేసినట్టుంది. దిండ్లకు వచ్చినవాళ్ళు "ఇంత పెద్ద పరుపు ఎవరికి మీరా మొహిద్దీన్ అన్నా" అని నవ్వబోతారు. సగంలో గుర్తొస్తుంది. ఆ తర్వాత బేరం ఆడకుండా కొనుక్కుని పోతారు.

జూన్ 11, బుధవారం

పక్కింటి వెంకటశేషమ్మ మునగాకు కోసుకోవడానికి వచ్చింది. కోస్తూ కోస్తూ అంది.

"వచ్చే నెలలోనే గదమ్మే రొట్టెల పండగ. ఈసారి నువ్వు పోవాల."

నేను అందని కొమ్మ ఒకటి వంచి పట్టుకున్నాను.

"కోపం చేసుకోబాకు. కోరిక తీరనోళ్ళు పోకపోయినా అడిగేవాళ్ళు లేరు. తీరినోళ్ళు పోవాల. చెరువులో దిగి, అదే కోరిక ఉండేవాళ్ళ చేతికి రొట్టె ఇయ్యాల. బండి అడిగినావు, బండి వచ్చింది. ఇయ్యకుండా ఇంట్లో కూర్చుంటే ఆ కోరిక నీ నెత్తినే ఉంటాది."

"ఉండనీలే అక్కా."

"ఉండనీ అంటే? ఇంట్లో ఇంకో బిడ్డ ఉండాది" అని, నాలిక కరుచుకుంది. కోసిన ఆకు సగం ఇక్కడే మరిచిపోయి పోయింది.

పోయినేడు నెల్లూరు దర్గా చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి బండి రొట్టె ఎవరిదమ్మా అని అరిచి తీసుకున్నది నేనే. ఇచ్చినామెది గూడూరు. "మాకు వచ్చిందమ్మా, నీకూ వస్తాది" అని నా కొంగులో వేసింది. ముబీన్, నేను గట్టు మీద కూర్చుని చెరి సగం తిన్నాం. వాడు తన సగంలో ఒక ముక్క మిగిల్చి జేబురుమాలలో చుట్టుకున్నాడు. "బండికి కూడా పెట్టాల గదా మా. రావాల్సింది అది గదా" అన్నాడు. బండి ఇంటికి వచ్చిన రోజు ఆ ఎండు ముక్కను తీసి బండి ముందు సొరుగులో పెట్టాడు.

చలికాలం మొదట్లో బండి వచ్చింది. చలికాలం అయిపోకముందే.

ఇప్పుడు నేను అదే చెరువులో దిగి ఇంకో తల్లి చేతిలో రొట్టె పెట్టి ఏమని చెప్పాలి. మాకు వచ్చిందమ్మా, నీకూ వస్తుంది అనా.

పోను.

జూన్ 13, శుక్రవారం

నిన్న సాయంత్రం గలీబు అంచు ఎత్తి బండికి చార్జింగు తీగ పెట్టొచ్చాను. ఊరికే పడుంటే బ్యాటరీ పాడవుతుందని ముబీన్ చెప్పేవాడు. అందుకే. ఇంకేం లేదు.

తీగ పెడితే గోడకున్న పెట్టెలో పచ్చ లైటు వెలుగుతుంది. ఆ వెలుతురు వంటింటి కిటికీలోంచి పొయ్యి పైన గోడ మీద పడుతుంది.

వాడికి మోటారు సైకిలు ఉన్నప్పుడు బజారు మలుపులోనే తెలిసేది. నేను లేచి కూర వెచ్చబెట్టే లోపల వాకిట్లో ఉండేవాడు. ఈ కరెంటు బండి వచ్చాక చప్పుడే లేదు. పిల్లిలా వచ్చి వీపు వెనక నిలబడి "మా" అనేవాడు. నేను అదిరిపడితే వాడికి నవ్వు. తర్వాత తర్వాత గోడ మీద పచ్చ వెలుతురు చూసి తెలుసుకునేదాన్ని. వాడు లోపలికి వచ్చేసరికి కంచం పెట్టి ఉండేది. "ఎట్టా తెలిసింది మా" అనేవాడు. చెప్పేదాన్ని కాదు.

ఆ రాత్రి గోడ చూడలేదు. పోర్టులో పని ఉంది, ఆలస్యమవుతుందని ఫోన్ చేశాడు. గిన్నె మీద మూత పెట్టి పడుకున్నాను. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. వచ్చే ఉంటాడులే అనుకున్నాను. చప్పుడుండదు కదా. వచ్చే ఉంటాడులే.

జూన్ 14, శనివారం

వచ్చే ఉంటాడులే.

జూన్ 15, ఆదివారం

పద్మనాభయ్య వచ్చాడు. ముత్తుకూరు రోడ్డు పక్కన రొయ్యల గుంటలకు కాపలా ఉంటాడు. ఏదో ఒక పని పెట్టుకుని వస్తాడు, ఈసారి దిండు చినిగిందని. వచ్చిన ప్రతిసారీ చెప్పిందే చెబుతాడు. వద్దనడానికి నాకు నోరు రాదు. నాకూ వినాలనే ఉంటుంది.

"కారు రోడ్డు పక్కకు పద్ధతిగా ఆపి ఉండాదమ్మా. లోపల లైటు. ఏసీ పోతా ఉండాది. పిల్లోడు సీటు వాల్చుకోని పడుకోనుండాడు. అలిసిపోయినాడులే, లేపడం ఎందుకని గుంటల మీదికి పోయినా. ఇంజను మోగతా ఉంటే, ఏందిరా రాత్రంతా మోగతా ఉండాదని అద్దం తట్టేవాణ్ణి. అది మూగబండి అయిపాయె."

డాక్టరు గుండె అన్నాడు. ఈ వయసులోనా అంటే ఈ మధ్య ఇలాగే అవుతోందమ్మా అన్నాడు. ఎవరు తట్టినా లాభం ఉండేది కాదు, అంతా ఒక్క నిమిషంలో అయిపోయింది అని కూడా అన్నాడు. డాక్టర్లు తల్లులకు అలాగే చెబుతారు.

చార్జి అయిపోయేదాకా, తెల్లారేదాకా, బండి వాడికి చల్లగాలి విసురుతూనే ఉంది. వాళ్ళ నాయన, నేను, షాహిస్తా అందరం నిద్రపోయాం. అది నిద్రపోలేదు. దాన్ని తిట్టాలో దానికి మొక్కాలో తెలియదు.

పద్మనాభయ్య దిండుకు వాళ్ళ నాయన కొత్త దూది పెట్టి ఇచ్చాడు.

జూన్ 16, సోమవారం

రొయ్యల వ్యాపారం మధుబాబు బండి కొంటానన్నాడు. వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టాను. వాళ్ళ నాయనను అడిగితే నీ ఇష్టం అన్నాడు. ఆయన ఈ మధ్య అన్నిటికీ నీ ఇష్టమే.

షాహిస్తా అన్నం ముందు నుంచి లేచింది.

"అమ్మొద్దు మా. నేను తోల్తా."

"యాడికి తోల్తావు?"

"ఆఫీసుకు. కృష్ణపట్నానికి రెండు బస్సులు మారి పోతుండా, నీకు తెలవదా? అన్న నాకు తోలడం నేర్పింది ఎందుకు?"

"అదే రోడ్డులోనా."

"ఇంకో రోడ్డు ఉంటే చెప్పు, దాంట్లో పోతా."

వాళ్ళ నాయన మజ్జిగ పోసుకుని తాగకుండా కూర్చున్నాడు. షాహిస్తానే మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది.

"సరే. అన్న మొక్కు ఒకటి ఉండాది గదా. బండి వస్తే నిన్ను నాగూరు దర్గాకు తీసుకపోతానని. అది తీర్చుకోనొద్దాం. వచ్చినాక అమ్ముతావో, కాలువలో తోస్తావో నీ ఇష్టం."

అన్న మొక్కు అంటే నేను కాదనలేనని దానికి తెలుసు. వాళ్ళన్న తెలివే.

జూన్ 18, బుధవారం

రాత్రంతా ఆలోచించాను. సొరుగులో ఆ రొట్టె ముక్క ఉంది కదా. దాన్ని నాగూరు వలీ దగ్గర పెట్టేస్తాను. ఇచ్చిన కోరిక వెనక్కి తీసుకో బాబా అంటాను. కోరికే వెనక్కి పోయాక ఇక నేను ఎవరికీ రొట్టె ఇవ్వనక్కర లేదు. నా నెత్తినా ఉండదు, నా బిడ్డ నెత్తినా ఉండదు. బండి మధుబాబుకు, రొట్టె నాగూరుకు.

ఇంత మాట ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదో.

జూన్ 20, శుక్రవారం. తడ దగ్గర.

పుస్తకం సంచిలో తెచ్చుకున్నాను. బండి చార్జింగులో ఉంది. ఇది తాగినట్టు తాగదు, చప్పరిస్తుంది. అందాకా రాస్తాను.

తెల్లవారి బయలుదేరాం. వాళ్ళ నాయన గలీబు విప్పి మడత పెట్టాడు. మడత పెట్టిన తర్వాత కూడా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఒక చిన్న దిండు, దర్గాకు బియ్యం సంచి ముందు సీటులో పెట్టాడు. "దోవలో నిదానం" అన్నాడు. ఎవరితో అన్నాడో, బండితోనేమో.

షాహిస్తా తాళంతో తలుపు తీసింది. డ్రైవరు సీటు దానంతట అదే వెనక్కి జరిగింది. తెర మీద ఇంగ్లీషులో పేరు వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. ఆ పేరు మాత్రం గుర్తుపడతాను.

"ఏందది?" అన్నాను.

"అన్న కాళ్ళు పొడుగు గదా మా. ఆ తాళంతో తీస్తే అన్నకు సరిపోయేటట్టు జరుగుతాది." కూర్చుని, మీట పట్టుకుని, సీటును మళ్ళీ ముందుకు లాక్కుంది.

నేను వెనక సీటులో కూర్చున్నాను. ఊరు దాటేదాకా కళ్ళు మూసుకున్నాను. రోడ్డు మీద చక్రాల రాపిడి తప్ప ఏమీ వినపడదు. పడవలో ఉన్నట్టుంది.

ఇక్కడ సూళ్ళూరుపేట దాటాక చార్జింగు పెట్టారు. పక్కన టీ అంగడి. ఒక లారీ అతను వచ్చి బండి చుట్టూ తిరిగాడు.

"ఒకసారి పెడితే ఎంత దూరం పోతాదమ్మా?"

షాహిస్తా చెప్పింది. ఎండలో ఇంత, ఏసీ వేస్తే ఇంత, బరువుంటే ఇంత. ముబీన్ చెప్పినట్టే, వేళ్ళు మడుస్తూ చెప్పింది.

"పొగ లేదు, పెట్రోలు లేదు, చప్పుడు లేదు" అని అతను టీ గ్లాసుతో నవ్వాడు. "రాత్రిపూట వెనకమాల వచ్చి నిలబడితే దెయ్యమే అనుకోవాల."

షాహిస్తా నా వైపు చూసింది. నేను సమోసా కాగితం మడత పెడుతూ ఉన్నాను.

చార్జింగు దగ్గర చూసుకునే పిల్లవాడు మంచివాడు. సీటు జరుగుతుంటే చూశాడు. "మేడం, పాతది తీసి మీ కొలత దాంట్లో పెట్టేసుకోండి. రెండు నొక్కితే అయిపోతాది. ప్రతిసారీ లాక్కోవడం ఎందుకు" అన్నాడు.

"వద్దు" అంది షాహిస్తా. గట్టిగా అంది. ఆ పిల్లవాడు ఏమి తప్పన్నాడని.

అదే రోజు, దిండివనం దాటి

ఇక్కడ అందరూ అరవం. చార్జింగు పక్కన వేపచెట్టు ఉంది, కింద కూర్చున్నాను. రాయకపోతే రేపటికి నేనే నమ్మను.

మద్రాసు దాటాక బండి మోగడం మొదలుపెట్టింది. టింగు టింగుమని, ఆగకుండా.

"ఏందది?"

"ముందు సీటులో ఉండేవాళ్ళు బెల్టు పెట్టుకోలేదంట. బియ్యం సంచి బరువుకు మనిషి అనుకుంటుండాది."

పక్కకు ఆపింది. సంచి తీసి నా కాళ్ళ దగ్గర పెట్టింది. దిండు కూడా తీసింది. సీటు ఖాళీ. బయలుదేరాం.

మళ్ళీ మోగింది.

షాహిస్తా చేత్తో సీటు తడిమింది. కొట్టింది. ఆగలేదు. ఎవరో కూర్చున్నారు, వాళ్ళకు బెల్టు లేదు అని బండి ఒకటే చెప్పడం. నేను ఆ సీటు వెనకే కూర్చుని ఉన్నాను. ఆ సీటుకు తల ఆనించే చోట నూనె మరక ఉంది. ముబీన్ చెల్లెలికి తోలడం నేర్పేటప్పుడు అక్కడే కూర్చునేవాడు.

షాహిస్తా మళ్ళీ ఆపి, ఖాళీ సీటుకు అడ్డంగా బెల్టు లాగి బిగించింది. మోగడం ఆగింది.

ఇక్కడి దాకా నేను ఆ బెల్టునే చూస్తూ వచ్చాను.

ఇప్పుడు ఇక్కడి మనిషి చూసి, లోపల తీగ ఏదో పట్టుకుపోయి ఉంటుంది, ఒక్కోసారి అవుతుంది అని చేతులతో చెప్పాడు. అయి ఉంటుంది. బెల్టు మాత్రం షాహిస్తా విప్పలేదు. నేనూ విప్పమనలేదు.

జూన్ 21, శనివారం. నాగూరు.

నిన్న దిండివనం తర్వాత రాయలేకపోయాను. అంతా రాస్తాను.

కడలూరు దాటాక పెట్టుకోవాల్సిన చోట చార్జింగు యంత్రం చచ్చి ఉంది. తెర నల్లగా ఉంది. అడగడానికి మనిషి లేడు. షాహిస్తా ఫోనులో చూసి, ఇంకోటి ముందర ఉంది కానీ అందుతుందో అందదో అంది. ఏసీ ఆపేసింది.

"ఆపొద్దు" అన్నాను.

"ఆపకుంటే చేరం మా."

"ఏసీ ఆపొద్దు షాహిస్తా."

"రోడ్డు మీద నిలబడిపోతాం."

"నిలబడనీ. ఏసీ ఆపొద్దంటుండా."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ గాలి ఆగిపోతే ఆ రాత్రి తెల్లారిపోతుంది. అంతకంటే నాకు చెప్పడం రాదు. షాహిస్తా అద్దంలోంచి నన్ను చూసింది. కాసేపటికి నాలుగు అద్దాలూ దించేసింది. ఉప్పుగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది, మా కోడూరు రేవులో వచ్చే గాలి లాంటిదే. కొంగు ఎగిరి ముఖం మీద పడింది. తీసుకోలేదు. కొంగు కింద ఏడ్చాను. నెమ్మదిగా, ఎద్దుల బండిలా పోయాం. వెనక బస్సులు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయాయి. చేరాం. చేరేటప్పటికి బండిలో ప్రాణం కొసకు వచ్చింది.

చార్జింగు పెట్టి, నన్ను దించి నీళ్ళు తాగించింది. అప్పుడు నేను ముందు తలుపు తీసి సొరుగు తెరిచాను. నాగూరు దగ్గరికి వచ్చేశాం కదా, ముక్కను చేతిలో పట్టుకుని కూర్చుందామని.

జేబురుమాల ఉంది. మడతలు అలాగే ఉన్నాయి. లోపల ఏమీ లేదు. పొడి కూడా లేదు.

"చీమలు తినేసినాయి" అన్నాను.

"చీమలు కాదు మా" అంది షాహిస్తా. బండికి ఆనుకుని నిలబడి ఉంది. "నేను తిన్నా."

"ఏంది?"

"నలభై రోజుల ఫాతిహా అయిన మరుసటి రోజు. గలీబు కిందికి దూరి, లోపల కూర్చోని తిన్నా. బండి నాకు ఉండిపోవాలని అనుకోని తిన్నా."

చెయ్యి ఎత్తాను. అది పక్కకు జరగలేదు. ఎత్తిన చెయ్యి బండి మీదే వేశాను, కాలింది.

"అన్న పోయిన నలభై రోజులకే నీకు కారు కావాల్సి వచ్చిందా. అది ఏం రొట్టెనో తెలిసే తిన్నావా. ఆ రొట్టె తిన్న బిడ్డ ఒకడు మట్టిలో ఉండాడు. ఇప్పుడు నువ్వు తిన్నావా."

"నువ్వూ తిన్నావు గదా మా సగం. నీకేమైంది?"

నాకేమైందో అది అడగాల్సిన మాటేనా.

"కారు కోసం కాదు" అంది మళ్ళీ. ఏడవలేదు. చిన్నప్పుడు జ్వరంలో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఆ సీటు కోసం. మధుబాబు కొంటే వాళ్ళ డ్రైవరు కూర్చుంటాడు, వాడి కాళ్ళకు సరిచేసుకుంటాడు. రెండు నొక్కితే అన్న పోతాడు. ఫోటోలో మొహం ఉండాది, ఫోనులో గొంతు ఉండాది. అన్న ఎంత పొడుగో యాడ ఉండాది మా? ఆ సీటులో ఒక్కటే ఉండాది. పొద్దున్నే తలుపు తీస్తే అది వెనక్కి జరుగుతాది చూడు, అప్పుడు అన్న కూర్చున్నట్టే ఉంటాది. నేను ముందుకు లాక్కుంటా. లాక్కున్నప్పుడల్లా, జరుగు అన్నా, నేను తోల్తా అంటా."

టీ అంగడివాళ్ళు మా వైపు చూస్తున్నారు. వాళ్ళకు తెలుగు రాదు కానీ తెలిసిపోయి ఉంటుంది. ఒకామె ముక్కాలిపీట తెచ్చి నాకు వేసింది.

నేను ఈ మూడు నాలుగు నెలలు దీని ముఖం సరిగ్గా చూశానా అని అక్కడ కూర్చుని అనుకున్నాను. దవడలు పీక్కుపోయి ఉన్నాయి. రెండు బస్సులు మారి పోయి వస్తోంది, వచ్చి నాకు అన్నం పెడుతోంది. నీకొక్కదానికే పోయినాడా అని ఒక్కసారి కూడా అనలేదు.

సాయంత్రానికి దర్గా చేరాం. బియ్యం ఇచ్చాం, ఫాతిహా చదివించాం. వెనక్కి ఇద్దామనుకున్నది నా చేతిలో లేదు. నా బిడ్డ కడుపులో ఉంది. దర్గా చూసుకునే ముజావరు పెద్దాయన కొంచెం తెలుగు మాట్లాడతాడు. కోరిక వెనక్కి ఇచ్చేయొచ్చా బాబా అని అడిగాను. ఆయన నెమలి ఈకల కట్టను నా తల మీద ఆనించి, "వెనక్కి తీసుకునే అలవాటు ఇక్కడ లేదమ్మా" అన్నాడు. మా వెనక వరస పెద్దదిగా ఉంది, అంతకంటే మాట్లాడనివ్వలేదు.

జూన్ 22, ఆదివారం

తిరుగు ప్రయాణం. ముందు సీటులో నేను కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. దోవ పొడుగునా మోగలేదు.

జూన్ 25, బుధవారం

మధుబాబు వచ్చాడు, డ్రైవరును కూడా వెంటబెట్టుకుని. నేనే వాకిట్లోకి పోయి ఇవ్వడం లేదయ్యా అన్నాను.

"రేటు చాల్లేదా అమ్మా? మాట్లాడుకుందాం."

"రేటు కాదు నాయనా. మా పాప తోలుకుంటాది."

షాహిస్తా ఆఫీసులో ఉంది. వాళ్ళ నాయన మిషను ఆపి విన్నాడు. మధుబాబు పోయాక గలీబు బయటికి తెచ్చి, డ్రైవరు తలుపు వైపు కత్తిరించి, ఒక్కరే చిటికెలో తీసి మళ్ళీ కప్పుకునేటట్టు గుండీలు కుడుతూ కూర్చున్నాడు. రోజూ తోలే బండికి రోజూ గలీబుతో తంటాలు పడలేరు కదా అన్నాడు. నీ ఇష్టం అని మాత్రం అనలేదు.

జూన్ 30, సోమవారం

షాహిస్తా బండిలో ఆఫీసుకు పోయింది. వచ్చింది.

జూలై 1, మంగళవారం

పోయింది. వచ్చింది.

జూలై 2, బుధవారం

పోయింది. వాన. వచ్చింది.

జూలై 4, శుక్రవారం

వెంకటశేషమ్మ మళ్ళీ అడగలేదు. మునగాకు కోసుకుని గమ్మున పోయింది. ఆమె అడిగి ఉంటే పోను అని చెప్పి తేల్చేసేదాన్ని.

బండి అడిగాను, వచ్చింది. బిడ్డ అడిగింది, దానికీ ఉండిపోయింది. రెండుసార్లు తీరింది. ఇవ్వకుండా పెట్టుకుంటే మూడోసారి ఎవరి మీద తీరుతుందో. ఇస్తే తీసుకున్నామె ఇంట్లో ఏమవుతుందో. రెండువైపులా నా చేతులే ఉన్నాయి.

జూలై 8, మంగళవారం

పోయాను. ఒక్కటే రొట్టె చేశాను. గోధుమపిండి, కొంచెం బెల్లం. షాహిస్తాను రావొద్దన్నాను. బస్సులో పోయాను.

చెరువంతా జనం. సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని కేకలు. నేను నీళ్ళలో దిగి రొట్టెను కొంగులో కప్పుకుని నిలబడ్డాను. కేక వేయలేదు. ఎవరూ అడగకపోతే పొద్దుగూకేదాకా నిలబడి వెనక్కి పోదామనుకున్నాను. వచ్చాను కానీ అడిగేవాళ్ళు లేరు అని చెప్పుకోవచ్చు.

"అక్కా, నీదేం రొట్టె? దాచిపెట్టుకోనుండావు?"

పక్కన ఒక పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో. మెడలో సిలువ. చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఉంది. పేరు కరుణాకుమారి అంట, కోవూరు నుంచి వచ్చిందంట. అడగకుండానే అంతా చెప్పింది.

"బండి రొట్టె" అన్నాను.

"నాకదే కావాల. పొద్దున్నుంచి అరిచి అరిచి గొంతు పోయింది. అందరూ ఇల్లు రొట్టె అంటారు, అమెరికా రొట్టె అంటారు, బండి మాత్రం ఎవురికీ రాలేదా ఏందని అనుకుంటుండా. కరెంటు ఆటో కావాలక్కా మాకు. ఇప్పుడుండేది డీజిలుది. ఆ పొగకు మా ఆయన రాత్రంతా దగ్గతానే ఉంటాడు. ఆయన దగ్గు, ఆటో దగ్గు, ఏది ఏందో తెలవదు నాకు." నవ్వింది. కొంగు చాపింది. "మీకు వచ్చిందా అక్కా?"

నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాళ్ళ కింద బురద జారుతోంది. వచ్చిందా అంటే వచ్చింది అనాలి. అది చెప్పి ఇవ్వాలి. పోయినేడు గూడూరామె చెప్పినట్టు.

"వచ్చింది" అన్నాను.

రొట్టె తీసి ఆ పిల్ల కొంగులో పెట్టాను కానీ నా చెయ్యి తీయలేదు. ఆ పిల్ల రొట్టె కేసి, నా కేసి చూసింది.

"నా కొడుక్కు వచ్చింది. కరెంటుదే. నా కొడుకు ఇప్పుడు లేడు. బండి వల్ల కాదు, గుండె ఆగిపోయింది, బండిలో. నువ్వు తీసుకోకపోయినా నాకేం కోపం రాదు."

ఆ పిల్ల నవ్వు పోయింది. చుట్టూ కేకలు వేస్తూనే ఉన్నారు. ఒకామె మా మధ్యలోంచి తోసుకుంటూ పోయింది. కరుణాకుమారి కొంగు వెనక్కి లాక్కోలేదు, ముందుకూ చాపలేదు. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఏం చెయ్యమంటావో చెప్పక్కా. తీసుకుంటా."

నేను చెప్పాలని వచ్చింది ఏమీ లేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఆ బండికి చప్పుడుండదు. మీ ఆయన ఆలస్యమయితే, వచ్చే ఉంటాడులే అనుకోబాకు. చెవులు పెట్టుకోని కూర్చోబాకు. లేచి వీధిలోకి పోయి చూడు. ఎండైనా వానైనా, నిద్ర వచ్చినా, నీ కంటితో నువ్వు చూడు. చూస్తావా?"

"చూస్తా."

చెయ్యి తీశాను. ఆ పిల్ల అక్కడే, నీళ్ళలోనే, సగం తుంచి తిన్నది. మిగతా సగం ఆయనకని కట్టుకుంది.

జూలై 9, బుధవారం

పోయింది. వచ్చింది.

జూలై 14, సోమవారం

షాహిస్తా ఈ రోజు ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసింది. ఆఫీసులో ఏదో ఓడ లెక్కలంట. కూర చేసి మూత పెట్టాను. వాళ్ళ నాయన అంగడి కట్టేసి నమాజుకు పోయాడు. వాన వచ్చేటట్టుంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

చెప్పిన వేళ దాటింది. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. తోలేటప్పుడు ఎత్తదు, అన్న నేర్పిన పద్ధతి. ఇంతలోకే కంగారు ఎందుకు. బజారు మలుపులోకి వచ్చే ఉంటుంది

గోడ మీద పచ్చ వెలుతురు లేదు. లేచి వీధిలోకి పోతున్నాను.